అద్దెయింటి నష్టము, అతిథి మర్యాద

గోదావరీతీర గ్రామములలో పండ్రెండేండ్లకొకమారు అనేక గృహములు సత్రములగును. 2015 జూలై 14 మొదలు 25 వరకు జరిగిన పుష్కరములలో నేనును నా యింటి ముందుభాగమును యాత్రికులకు అద్దెకిచ్చితిని. అద్దె పుచ్చుకొన్న పిదప వారు అతిథులా, కిరాయిదారులా? ఉభయమును అని నా మతము. మంచినీళ్ళిచ్చునపుడు అతిథులు, పగిలిన వస్తువునకు లెక్క చూచునపుడు కిరాయిదారులు.

నా యింట దిగినవారు మంచివారే. వంటకు పెరటిలో చోటు చూపియుంటిని. మూడవనాడు వాన కురియగా కట్టెలపొయ్యి వసారాలోనికి తెచ్చి, కడపరాతిపై వెలిగించిరి. రాయి వేడికి చిట్లి రెండు బద్దలైనది. నూతి చేదత్రాడును తెగినది. ప్రయాణమునాడు పొరుగువారొకరు నన్ను చాటునకు పిలిచి, "ధరావతు రెండువేలును ఉంచుకొనుడు, మాస్టారూ! వీరు మరల మీ గడప త్రొక్కుదురా?" అనిరి. ఆ మాట నాకు రుచింపలేదు.

చట్టమునకును అది సమ్మతము కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను ప్రకారము, పత్రములో ఎంత సొమ్ము వ్రాసికొన్నను, ఆ మొత్తమునకు మించకుండ, న్యాయమైన పరిహారమే లభించును. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము కౌలుదారు ఇంటిని యథాస్థితిలో అప్పగింపవలెనని చెప్పుచునే, వాడుకచే కలుగు అరుగుదలను మినహాయించినది. నాలుగునాళ్ళ బసకును ఆ న్యాయమే తగునని నా తలంపు. అద్దెకు తెచ్చిన పాత్ర పగిలినచో తెచ్చినవాడే ఇచ్చుకొనవలెననియు, ఉపద్రవమువలన పోయినచో అక్కరలేదనియు నారదస్మృతి. పెండ్లిండ్లకు గంగాళములు అద్దెకిచ్చు మన యూళ్ళలో ఈ విధి చదువురానివారికిని తెలిసినదే.

కావున త్రాడు నా ఖర్చు. రాయి వారి ఖర్చు. వారు దిగిననాడు ఇరువురమును చూచి సంతకము చేసిన జాబితాను తెచ్చి వసారాలోనే చదివితిని. వారిలో పెద్దాయన "పాతరాయి గదా, అయ్యా!" అనెను. "పాతదే. అందుచేతనే వసారా యంతటికిని అడుగుటలేదు. ఒక్క పలక, మేస్త్రీ కూలి, అంతియే" అంటిని. తాపీమేస్త్రీని పిలిపించి ధర వారియెదుటనే చెప్పించితిని. 900 రూపాయలు పట్టుకొని, 1,100 తిరిగి యిచ్చి, చీటి వ్రాసియిచ్చితిని.

జాబితా లేనిచో అది జగడమయ్యెడిది. ఇల్లు అప్పగించునాడే గోడలు, దీపములు, పాత్రలు వారితోకూడ చూచి వ్రాయుడు. అదివరకున్న పగుళ్ళను దాచక వ్రాయుడు. చేతిఫోనుతో ఛాయాచిత్రములు తీయుట మనుమలకు తెలియును. నష్టమును బండి కదలకమునుపే చెప్పుడు. జూలైలో వాన తప్పదు గనుక, పెరటిపొయ్యిపై నాలుగు రేకులు వేయించుట మంచిది.