వేపపూవు చెప్పే హితవు

(ఉగాదినాడు హంసలదీవి శ్రీ వేణుగోపాలస్వామివారి ఆలయ ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం)



మాఘ పౌర్ణమినాడు ఇక్కడి కృష్ణా సాగరసంగమంలో స్నానమాడిన మీలో పలువురు నేడు మరల స్వామివారి దర్శనానికి విచ్చేశారు. ఆ వేకువన చలి ఇంకా వీడలేదు. నేటి మధ్యాహ్నం తీరపు ఇసుకపై పాదం మోపలేము. నెలన్నరలో ఋతువు మారింది. మారిన ఋతువుకు దేహాన్ని అనువుగా మలచడం మన వసంత పర్వాల ప్రయోజనాలలో ఒకటి.

శిశిరంలో పేరుకొన్న కఫం వసంతకాలపు సూర్యతాపానికి కరిగి జఠరాగ్నిని మందగింపజేస్తుందని అష్టాంగహృదయం చెబుతుంది. కనుక గురువైన ఆహారాన్ని, పులుపు తీపి నూనెల అధిక్యాన్ని, పగటినిద్రను ఈ కాలంలో వర్జించమంటుంది. చేదు, కారం, వగరు కఫాన్ని శమింపజేస్తాయి.

మరి ఉగాది పచ్చడిలో చింతపండు, బెల్లం ఎందుకని మీరు అడగవచ్చు. చైత్ర శుద్ధ పాడ్యమినాడు లేత వేపాకును, వేపపూవును మిరియం, ఉప్పు, ఇంగువ, వాము, చింతపండు, చక్కెరలతో కలిపి రోగశాంతికై సేవించాలని ధర్మశాస్త్ర సంప్రదాయం. అందులో ప్రధానం వేప. తక్కినవి దానిని గొంతు దింపే సహాయకాలు. నేడు మన ఇళ్లలో ఈ వరుస తలక్రిందులయింది. గిన్నెనిండా బెల్లం, అరటిపండ్లు, జీడిపప్పు చేర్చి, పైన నాలుగు వేపరేకులు చల్లుతున్నాము. అది పాయసానికి తోబుట్టువే గాని ఉగాది ప్రసాదం కాదు. కాలువగట్టున వేపచెట్టు పూచి ఉండగా, అంగడిలోని నిరుటి ఎండుపూత మనకెందుకు?

శ్రీరామనవమి పానకంలో మిరియాలు, ఏలకులు జీర్ణశక్తికి తోడ్పడతాయి. నానిన పెసరపప్పుతో చేసే వడపప్పు తేలికగా అరుగుతుంది. చెమట అధికంగా పట్టే ఈ సముద్రతీరంలో పానకం దప్పిక తీర్చి బడలిక పోగొడుతుంది. అయితే ఒక మాట నిక్కచ్చిగా మనవి చేయాలి. ఆచారం ఔషధానికి ప్రత్యామ్నాయం కాదు. మధుమేహం ఉన్నవారు పానకాన్ని ఉద్ధరిణెడు తీర్థంగానే స్వీకరించండి. ప్రసాదపు ఫలం పరిమాణాన్ని బట్టి తరగదు. వేపపూవు తిన్నామని వైద్యుడిచ్చిన మందు మానరాదు.

చివరిగా, మనం మరచిపోతున్న వసంతధర్మం మరొకటి ఉన్నది. అది ప్రపాదానం, అంటే చలివేంద్రం పెట్టి దాహార్తులకు నీరివ్వడం. పెద్దలు దీనిని చైత్రంలోనే ఆరంభించమన్నారు. దివిసీమలో సముద్రానికి చేరువైన కొద్దీ భూగర్భజలం ఉప్పుబారుతుంది. ఇటువంటి చోట యాత్రికునికి అందే కుండెడు మంచినీరు ఎంతటి దానమో వేరుగా చెప్పనక్కరలేదు. శక్తి ఉన్న దాతలు ఈ దారిలో ఒక చలివేంద్రం నిలపండి. శక్తి చాలనివారు ఇంటిముందు ఒక వేపమొక్క నాటండి. పచ్చడి మన ఒక్కరి ఆరోగ్యానికి. నీరు, నీడ పదిమంది ఆరోగ్యానికి.

వేణుగోపాలస్వామి కృపాకటాక్షాలు మీ అందరిపైనా ప్రసరించుగాక!