గ్యాస్ అనుకున్నామండీ

ఎవరి పేరిట ఈ సభ ఏటా జరుగుతోందో ఆ గురువుగారు రోగిని ముందు మాట్లాడించేవారు, చెయ్యి పట్టుకుని నాడి చూడడం ఆ తర్వాతే. నేనూ రోగుల మాటతోనే మొదలుపెడతాను. ఆ మాట 'గ్యాస్'.

"రాత్రి గుండెల్లో పట్టేసినట్టుందన్నారు. గ్యాస్ అనుకున్నామండీ, సోడా తాగించాం. తెల్లారేసరికి..." ఈ వాక్యం నా దగ్గర ఎవరూ పూర్తి చేయలేదు.

పల్లెల్లో ఇలాంటి చావులకు కారణం రాసే కాగితం ఉండదు. అందుకే 2003-04 ప్రాంతంలో ఉభయ గోదావరి జిల్లాల్లో జరిగిన లెక్క నాకు విలువైనది. 45 గ్రామాలు, 1,80,000 పైచిలుకు జనం. ఏడాదిలో పోయినవారు 1,354 మంది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, చివరి రోజుల్లో మనిషికి ఏమైందో అయినవాళ్లను అడిగి రాసుకున్నారు. కారణాలు తేలాక చూస్తే, గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవారు నూటికి 32 మంది. అందులో గుండెదీ పక్షవాతానిదీ దాదాపు సమాన వాటా. క్షయతో సహా అంటురోగాలన్నీ కలిపినా 12 దాటలేదు. గుండెజబ్బు కార్లున్నవాళ్ల జబ్బని మేం చదువుకునే రోజుల్లో అనుకునేవాళ్లం. నేనూ అలా అనుకున్నవాణ్ణే.

ఇక ఆ జబ్బు ఎందుకొస్తుందంటారా, అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో 1948 నుంచి 5,209 మందిని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చాక బీపీ, కొలెస్టరాల్, సిగరెట్ల పాత్ర తేటపడింది. 2004లో 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనం షుగరు, పొట్ట, మనోవ్యథ వంటివీ కలిపి తొమ్మిది అంశాలు చెప్పింది. తొలి గుండెపోటు ముప్పులో 90 శాతం వాటిదే. మన దక్షిణాసియావాళ్లకు అది సగటున 53 ఏళ్లకే వస్తోంది, మిగతావాళ్లకు 59 దగ్గర. మన ఇళ్లలో పిల్ల పెళ్లి, అబ్బాయి ఉద్యోగం, పొలం మీద అప్పు తీరడం, అన్నీ ఆ ఆరేళ్లలోనే ఉంటాయి.

తూకం 62 కిలోలేనని మురిసిపోయే మనిషికి బొడ్డు దగ్గర టేపు చుట్టి చూడండి. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ఆ మురిపెం పనికిరాదు. చుట్ట సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆవకాయ మానమంటే నా మాట ఇంట్లోనే చెల్లదు, ముక్క చిన్నది చేసుకోమంటాను. నాకు అందరికన్నా భయం వేసేది "ఒంట్లో బాగానే ఉంది కదా" అని బీపీ మాత్ర మానేసేవాళ్లను చూస్తే.

ఒక్క మనవి. ఛాతీ పట్టేసి, చెమటలు పోసి, ఎడం చెయ్యి లాగుతుంటే సోడా కోసం మనిషిని పంపకండి. 108కి ఫోన్ చేసి, వెంటనే ఈసీజీ తీసే చోటికి తీసుకెళ్లండి. తీరా అది గ్యాసే అయితే, నన్ను నాలుగు తిట్టండి.