ఊరేగింపులో పౌలు ఎక్కడ నడిచాడు? క్రైస్తవ లేఖనాల్లో విజయం



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూడుకున్నామో ఆ మాస్టారు లేఖనాన్ని ఒక్క వచనంగా తుంచి చదవడానికి ఒప్పుకునేవారు కారని ఆయన శిష్యులు చెబుతారు. ముందు అధ్యాయమూ వెనక అధ్యాయమూ చదివి రమ్మని పంపేవారట. ఆ పద్ధతికి తగినదని ఈ రోజు ‘విజయం’ అన్న అంశాన్ని తీసుకున్నాను. మన సంఘాల్లో ఇంత తరచుగా వినిపిస్తూ ఇంత తక్కువగా పరిశీలనకు వచ్చే మాట మరొకటి లేదని నా అభిప్రాయం.

ఉజ్జీవ సభల బ్యానర్ల మీద విజయం ఉంటుంది. కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల మీద ఉంటుంది. సాక్ష్యం చెప్పడానికి లేచినవారు ఇల్లు కట్టుకున్నామనీ, వీసా వచ్చిందనీ, కోర్టులో గెలిచామనీ, జబ్బు నయమైందనీ చెబుతారు. ఆ సంతోషాలు నాకు చిన్నవి కావు. ఏళ్ల తరబడి అద్దె ఇళ్లలో నలిగిన కుటుంబం సొంత గుమ్మంలో నిలబడి దేవునికి స్తోత్రం చెబితే ఆ స్తోత్రంలో నేనూ గొంతు కలుపుతాను. కానీ అదే బల్లల మీద ఇల్లు కట్టలేకపోయినవాడూ కూర్చున్నాడు. ఉపవాసం ఉండి ప్రార్థించినా భర్త దక్కని ఆమె కూడా కూర్చుంది. ఆమెకు మైకు ఎవరూ ఇవ్వరు. పైగా విశ్వాసం చాలలేదేమోనని చాటున అనేవాళ్లుంటారు. ఆ మాట లేఖనానికి అన్యాయం చేస్తోందని చెప్పడానికే నేను ఈ వేదిక ఎక్కాను.

వాగ్దాన కార్డులకు ఇష్టమైన వచనాల్లో ఒకటి కొరింథీయులకు రాసిన రెండో పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. దేవుడు క్రీస్తులో మమ్మల్ని ఎప్పుడూ విజయోత్సవంగా ఊరేగిస్తున్నాడని పౌలు స్తోత్రం చెల్లించే చోటు అది. కార్డు మీద ఆ వచనం ఒక్కటే ఉంటుంది. మాస్టారు చెప్పినట్టు ముందూ వెనకా చూద్దాం.

ముందు, ఉత్తరం అందుకున్న ఊరు ఎలాంటిదో చూడాలి. క్రీ.పూ. 146లో రోమన్ సేనాని లూసియస్ మమ్మియస్ పాత కొరింథును నేలమట్టం చేశాడు. మరుసటి ఏడాది రోములో విజయోత్సవం జరుపుకున్నాడు. గ్రీకుల నుంచి దోచిన కంచు విగ్రహాలు, పాలరాతి విగ్రహాలు, చిత్రపటాలు ఆ ఊరేగింపులో రోము వీధుల వెంట కదిలాయి. నగరం దాదాపు వందేళ్లు పాడుబడి ఉంది. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ నిర్ణయంతో రోమన్ వలస నగరంగా మళ్లీ లేచింది. అక్కడ కాపురానికి వచ్చినవారిలో బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు చాలామంది. అంటే పౌలు క్రీ.శ. 55 ప్రాంతంలో ఈ ఉత్తరం పంపినప్పుడు, రోమన్ విజయోత్సవమంటే ఏమిటో ఆ ఊరికి ఎవరూ వివరించనక్కర్లేదు. ఒకనాడు ఆ ఊరే ఊరేగింపులో సరుకుగా కదిలింది.

ఆ ఊరేగింపు ఇలా సాగేది. గెలిచిన సేనాని ఊదారంగు వస్త్రం కట్టుకుని, తలపై లారెల్ ఆకుల కిరీటంతో, నాలుగు గుర్రాల రథం మీద నిలబడేవాడు. దోపిడీ సొమ్ము ముందు నడిచేది. దారి పొడవునా ధూపం వేసేవారు. రథానికి ముందు సంకెళ్లతో ఓడినవారు నడిచేవారు, రాజులూ రాజకుటుంబాలూ కూడా. చివరికి కాపిటోలిన్ గుట్ట మీద జూపిటర్ గుడిలో బలి. శత్రు నాయకుణ్ణి చాలాసార్లు ఆ గుట్ట కిందే చెరసాలలో చంపేసేవారు. నుమిడియా రాజు జుగుర్తా క్రీ.పూ. 104లో అలా నడిచి ఆ చెరసాలలోనే ముగిసిపోయాడు. గాల్ నాయకుడు వెర్సింగెటోరిక్స్ క్రీ.పూ. 46లో సీజర్ ఊరేగింపులో నడిచి ప్రాణం వదిలాడు.

ఇప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ ఊరేగింపులో పౌలు ఎక్కడున్నాడు? రథం దేవునిది. రథం పక్కన గుర్రమెక్కిన సేనానుల్లో పౌలు ఒకడని అర్థం చెప్పిన వ్యాఖ్యాతలు లేకపోలేదు. జాన్ కాల్విన్ అంతటివాడు ఆ వైపే మొగ్గాడు. నాకది కుదరదనిపిస్తుంది. ఆ స్తోత్రానికి సరిగ్గా ముందు మాటలు చూడండి. త్రోయలో సువార్తకు తలుపు తెరుచుకుంది, కానీ సహోదరుడు తీతు కనబడక నా మనసుకు నెమ్మది లేదు, ఆ పని వదిలి మాసిదోనియకు బయలుదేరాను అంటాడు. అంతకు ముందు అధ్యాయంలో ఆసియలో బ్రతుకు మీద ఆశే వదులుకున్నామని ఒప్పుకుంటాడు. మొదటి పత్రికలోనైతే అపొస్తలులను దేవుడు అందరికంటే చివర, మరణశిక్ష పడినవారిగా, లోకానికి వేడుకగా నిలబెట్టాడని రాశాడు. ఊరేగింపులో మరణశిక్ష పడి నడిచేది ఎవరో కొరింథువారికి తెలుసు. ఒకప్పుడు సంఘాన్ని హింసించి, దమస్కు దారిలో క్రీస్తు చేతికి చిక్కినవాడు పౌలు. ఆ బందీగానే ఊరూరా నడుస్తున్నాడు. వెంటనే సువాసన మాట ఎత్తుతాడు. ఒకే వాసన కొందరికి జీవమూ కొందరికి మరణమూ అంటాడు. ఆ వీధుల్లో ధూపం సేనానికి ఒక సంగతి చెప్పేది, సంకెళ్లలో ఉన్నవాడికి మరో సంగతి చెప్పేది.

పత్రిక చివరికొస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. తమను గొప్ప అపొస్తలులుగా చెప్పుకునేవారికి జవాబుగా పౌలు పదకొండో అధ్యాయంలో తన గొప్పలు చెబుతాడు. యూదుల చేత అయిదుసార్లు, ఒకటి తక్కువ నలభై దెబ్బలు. మూడుసార్లు బెత్తాలతో కొట్టించుకోవడం. ఒకసారి రాళ్ల దెబ్బలు. మూడుసార్లు ఓడ పగిలిపోవడం. జాబితా ముగించి ఒక్క సంఘటన విడిగా చెబుతాడు: దమస్కులో అరెత రాజు అధికారి కాపలా పెట్టినప్పుడు గోడలోని కిటికీ గుండా నన్ను గంపలో కిందికి దింపారు. దీన్ని ఇక్కడ ఎందుకు చేర్చాడో చాలాకాలం నాకు అంతుపట్టలేదు. రోమన్ సైన్యంలో శత్రు నగరపు గోడను మొదట ఎక్కినవాడికి బంగారు కిరీటం ఇచ్చేవారు. అది సైనికుడు పొందగలిగిన గొప్ప గౌరవాల్లో ఒకటి. రోమన్ వలసనగరంలో ఆ ఆచారం తెలియనివారుండరు. గోడ ఎక్కినవాడి గొప్ప అది. గోడ మీద నుంచి గంపలో దిగి పారిపోయినవాడి గొప్ప ఇది. ఈ రెంటిని పక్కపక్కన పెట్టి చూసిన పండితులకు నేను ఋణపడి ఉన్నాను. ఆ వెంటనే పన్నెండో అధ్యాయంలో మూడుసార్లు ప్రార్థించినా తీసివేయబడని ముల్లు గురించి చదువుతాం. ప్రార్థనకు జవాబు వచ్చింది, కానీ ముల్లు పోలేదు. మన సాక్ష్యాల సమయంలో పౌలు లేచి ఈ సంగతి చెబితే ఎంతమంది చప్పట్లు కొడతారో ఆలోచించండి.

ఈ చూపు పౌలు సొంతంగా కల్పించుకున్నది కాదు. మార్కు సువార్త పదిహేనో అధ్యాయంలో సైనికులు పటాలాన్నంతా సమకూర్చి, యేసుకు ఊదారంగు వస్త్రం తొడిగి, ముళ్ల కిరీటం పెట్టి, రాజా శుభమని కేకలు వేసి, బయటికి నడిపించుకుపోతారు. దారి పక్కన దొరికిన కురేనీయుడైన సీమోను చేత సిలువ మోయిస్తారు. సేనాని ఊరేగింపుకు అపహాస్యపు నకలులా ఉంటుంది. తన మహిమలో కుడివైపునా ఎడమవైపునా చోటివ్వమని యాకోబు, యోహాను అడిగారని అదే సువార్త పదో అధ్యాయంలో ఉంది. చివరికి కుడి ఎడమల ఉన్నది ఇద్దరు దొంగలు, సిలువల మీద. మార్కు దీన్ని యాదృచ్ఛికంగా రాశాడని నేను నమ్మను. కొలొస్సయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం ఇంకొక అడుగు వేస్తుంది. సిలువ దగ్గర బట్టలు ఒలిచింది సైనికులు, బహిరంగంగా అవమానించింది ప్రధానులు. పత్రిక మాత్రం అక్కడ ఆయుధాలు ఊడి అవమానం పాలైంది ఆ అధికారాలేననీ, ఊరేగించబడినది అవేననీ చెబుతుంది. యోహాను సువార్త పదహారో అధ్యాయంలో యేసు లోకాన్ని జయించానని శిష్యులకు చెప్పింది పునరుత్థానం ఉదయాన కాదు, పట్టుబడబోయే రాత్రి.

పాత నిబంధన సంగతి దాటవేస్తే నిజాయితీ అనిపించుకోదు. నిర్గమకాండం పదిహేనో అధ్యాయంలో సముద్రం ఒడ్డున మిర్యాము తంబుర పట్టుకుని పాడుతుంటే నీళ్లలో ఐగుప్తు సైన్యం ఉంది. యెరికో ఉంది. వీటిని మెత్తబరచి చెప్పడం నాకు చేతకాదు. అయితే ఆ నిబంధనలోనే మరో ధార కూడా పారుతుంది. గిద్యోను దగ్గర 32,000 మంది ఉంటే, మా బలమే గెలిపించిందని అనుకుంటారని, దేవుడు వారిని 300కు తగ్గిస్తాడు. గాడిద మీద వచ్చే రాజు యెరూషలేములో యుద్ధపు గుర్రాలు లేకుండా చేస్తాడని జెకర్యా తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. మట్టల ఆదివారం మనం చదివేది ఆ ప్రవచనమే. కానీ ఆ రోజు యేసుకు ఎదురొచ్చిన జనం చేతుల్లో మట్టలు వేరే చరిత్ర చెబుతున్నాయి. క్రీ.పూ. 141లో మక్కబీయుడైన సీమోను శత్రువులను వెళ్లగొట్టి యెరూషలేము కోటలోకి ప్రవేశించినప్పుడు కూడా జనం ఖర్జూరపు మట్టలు పట్టారు. జనం ఆ సీమోనును ఆశించారు. వచ్చినవాడు గాడిద ఎక్కి వచ్చాడు.

ఇక ప్రకటన గ్రంథం. విజయం మీద కొత్త నిబంధనలో ఇంత విస్తారంగా మాట్లాడే గ్రంథం మరొకటి లేదు, ఇంతగా అపార్థానికి గురైందీ లేదు. క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ యెరూషలేము దేవాలయాన్ని నాశనం చేశాడు. మరుసటి ఏడాది రోములో జరిగిన ఊరేగింపును చరిత్రకారుడు జోసీఫస్ వర్ణించాడు. దేవాలయపు బల్ల, దీపస్తంభం, ధర్మశాస్త్రం దోపిడీ సొమ్ముగా మోసుకెళ్లారు. యూదుల నాయకుడు సీమోను బార్ గియోరాను చంపిన కబురు అందాకే బలులు మొదలయ్యాయి. ఆ దీపస్తంభం శిల్పం రోములో టైటస్ తోరణం మీద నేటికీ ఉంది. గెలుపంటే ఏమిటో సామ్రాజ్యం ఇలా రాతిలో చెక్కి చూపిస్తున్న కాలంలో పత్మాసు ద్వీపం నుంచి యోహాను ఆసియలోని ఏడు సంఘాలకు రాశాడు. ఏడింటికీ, జయించేవాడికి ఇస్తానని వాగ్దానం ఉంది. ఏడింటిలో గద్దింపు లేనివి రెండే: దరిద్రతలో ఉన్న స్ముర్న, కొంచెం శక్తే ఉన్న ఫిలదెల్ఫియ. నాకేమీ కొదువ లేదన్న ధనిక లవొదికయకు మెచ్చుకోలు ఒక్కటీ లేదు.

అయిదో అధ్యాయంలో యూదా గోత్రపు సింహం జయించిందని పెద్ద ఒకాయన యోహానుకు చెబుతాడు. యోహాను చూస్తే అక్కడ ఉన్నది వధింపబడినట్టున్న గొర్రెపిల్ల. ఆ తర్వాత గ్రంథంలో క్రీస్తును మళ్లీ సింహమని ఎక్కడా పిలవడు, గొర్రెపిల్ల అని మొత్తం 28 సార్లు అంటాడు. పదమూడో అధ్యాయంలో మృగం పరిశుద్ధులను జయిస్తుంది. పన్నెండో అధ్యాయం మాత్రం వాళ్లే జయించారంటుంది, గొర్రెపిల్ల రక్తం వల్ల, తమ సాక్ష్యం వల్ల, ప్రాణం మీద తీపి వదులుకున్నందువల్ల. చంపినవాడూ గెలిచానంటాడు, చనిపోయినవాడి గురించీ గెలిచాడంటున్నారు. పదిహేనో అధ్యాయంలో ఆ మృగాన్ని జయించినవారు గాజు సముద్రం దగ్గర నిలబడి మోషే కీర్తన పాడుతారు. నిర్గమంలో పాడినవారు సముద్రం దాటి ప్రాణాలతో బయటపడినవారు. ఇక్కడ పాడుతున్నవారిలో ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. పాత విజయగీతానికి ప్రకటన గ్రంథం ఇచ్చిన కొత్త గాయకులు వీళ్లు.

పందొమ్మిదో అధ్యాయం నాకు కష్టమైనదే. తెల్లగుర్రం మీద వచ్చేవాని వస్త్రం యుద్ధం మొదలు కాకముందే రక్తంలో తడిసి ఉంది. యెషయా అరవై మూడో అధ్యాయాన్ని బట్టి అది శత్రువుల రక్తమని చెప్పేవారున్నారు. గొర్రెపిల్లదే ఆ రక్తమని, కత్తి చేతిలో లేక నోటి నుంచి వస్తోంది గనుక అది వాక్కు యుద్ధమని నేను చదువుతాను. సంఘం ఎల్లప్పుడూ ఇలా చదవలేదు. క్రీ.శ. 312లో మిల్వియన్ వంతెన దగ్గర కాన్‌స్టంటైన్ గెలిచాక క్రీస్తు గుర్తు సైన్యపు పతాకాల మీదికెక్కింది. అప్పటినుంచి క్రైస్తవులు హింస నుంచి తప్పించుకున్నారు, మంచిదే. కానీ గొర్రెపిల్లను పక్కకు నెట్టి సింహాన్ని మళ్లీ పిలిచింది ఆ రోజేనని నేను అనుకుంటున్నాను.

మన నేల మీది ఉదాహరణ ఒకటి చెబుతాను. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందులో అత్యధికులు మాదిగ పల్లెలవారు. మిషన్ చరిత్రల్లో దీన్ని మహావిజయంగా రాస్తారు. దానికి ముందు వెనకలు అంతగా చదవరు. 1836లో మొదలైన ఆ తెలుగు మిషన్‌ను ఫలితం లేదని మూసేద్దామా అని అమెరికా బాప్టిస్టులు మళ్లీ మళ్లీ చర్చించారు, 1853లో ఆ చర్చ గట్టిగానే జరిగింది. ఒంగోలు ప్రాంతంలో పల్లె పల్లెకూ సువార్త చెప్పినవాడు తోలుపని చేసిన యెర్రగుంట్ల పేరయ్య. 1876-78 కరవులో మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి పని, కూలి ఇచ్చాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. విజయం 2,222 అన్న అంకెలో ఉందా? మూసేద్దామన్న ఏళ్లలోనూ, పేరయ్య నడిచిన దారుల్లోనూ, కాలువ గట్టు మీద ఇచ్చిన కూలిలోనూ ఉందని నా తీర్పు. అంకె రాకపోయినా అది విజయమే అయ్యేది.

హెబ్రీయులకు రాసిన పత్రిక పదకొండో అధ్యాయంలో విశ్వాసంతో రాజ్యాలు జయించినవారు, సింహాల నోళ్లు మూయించినవారు వరుసగా వస్తారు. ముప్పై అయిదో వచనం మధ్యలో దారి మారుతుంది. మరికొందరు హింసలు పొందారు, రంపాలతో కోయబడ్డారు, గొర్రెచర్మాలు కప్పుకుని గుహల్లో తిరిగారు. రెండు గుంపులకూ ఇచ్చిన సాక్ష్యం ఒకటే, విశ్వాసం. తప్పించుకున్నవారికి ఎక్కువ విశ్వాసం ఉందని, చనిపోయినవారికి తక్కువ ఉందని రచయిత ఎక్కడా అనలేదు.

ఇక్కడున్న కాపరులను, రేపు కాపరులు కాబోతున్న విద్యార్థులను ఒకటి వేడుకుంటున్నాను. విజయోత్సవపు ఊరేగింపు వచనం మీద ఈసారి ప్రసంగించేటప్పుడు అదే ఆరాధనలో అదే పత్రిక పదకొండు, పన్నెండు అధ్యాయాలు కూడా చదివించండి. సాక్ష్యాల సమయంలో జబ్బు నయమైనవారితో పాటు, నయం కాకపోయినా ప్రార్థన మానని ఆడపడుచునూ ముందుకు పిలిచి మాట్లాడమనండి. ఆమె విశ్వాసం చాలలేదని మీ సంఘంలో ఎవరైనా అంటే, అది లేఖనం మాట కాదని వేదిక మీద నుంచే చెప్పండి.