బీడీల చాట పక్కన పుస్తకం

(జగిత్యాల వైపు ఒక ఊరి మాదిగవాడలో పిల్లల పుస్తకాల అర మొదలుపెట్టిన రోజు జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల నవలల గురించి నాలుగు మాటలు చెప్పుమని ఈ వాడ యువకులు మమ్ముల పిలిచిండ్రు. భూమి గురించి, కూలి గురించి, ఎస్సీ నిధుల గురించి మాట్లాడే మైకుల కథల పుస్తకాల ముచ్చటేందని వెనక కూసున్న పెద్దమనుషులు అనుకుంటున్నది మాకు తెలుస్తనే ఉన్నది. కొంచెం ఓపిక పట్టండి. ఆఖరుకు మీ ఇంటిపన్ను రశీదు దగ్గరికే వస్తం.

ఏ పుస్తకాలు చదవాలో చెప్పే జాబితా మేం తయారు చేసుకొని రాలేదు. అది ఈ వాడలోనే తయారైంది. తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్ల తన నోటుబుక్కు చివరి పేజీలలో చదివిన పుస్తకాల పేర్లు రాసుకున్నది. ఒక్కోదాని కింద రెండు లైన్లు: ఎవలు చదవాలె, ఎందుకు చదవాలె. పేరు చెప్పొద్దన్నది కాబట్టి చెప్పం. ఈ పిల్ల ఒక మూలకు కూసోని ఒంటిగ చదవలేదు. అవ్వ, చిన్నమ్మ, పక్కింటి ఆడోళ్లు బీడీలు చేస్తుంటే, చాట పక్కన కూసోని పైకి చదివింది. పరీక్ష పుస్తకం కాదు గదా, ఆకు కత్తిరించు అని అవ్వ మొదట కసిరిందట. నాలుగు దినాలైనంక, నిన్న ఎక్కడ ఆపినవ్ అని ఆ అవ్వే అడిగిందట. నోటుబుక్కులో ఉన్న అభిప్రాయాలు సగం ఆ ఆడోళ్లవే.

ఇది కొత్తదేం కాదు. క్యూబా దేశం హవానా పట్నంలో 1865లోనే చుట్టల కార్ఖానాలలో ఇట్ల చదివించుకున్నరు. కూలీలే తలా కొంత వేసుకొని, చదివేటాయనకు ఇచ్చేది. పొద్దంతా చేతులు చుట్టలు చుడుతుంటే చెవులు నవలలు వినేవి. మరుసటేడే అక్కడి స్పెయిన్ సర్కారు దాన్ని నిషేధించింది. చుట్టలు చుట్టేటోళ్లు కథలు వింటే సర్కారుకెందుకు భయమైందో మీరే ఆలోచించండి. తరువాత మళ్లీ మొదలైంది. వాళ్లు ఇష్టంగ విన్న ఒక నవల పేరు మీద చుట్టల బ్రాండే వచ్చింది, మాంటెక్రిస్టో అని. మన దగ్గర కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు ఎన్ని వేల చేతులు బీడీలు చేస్తున్నయి! చదివి వినిపించే పిల్లలు ఇంటింటికీ ఉన్నరు. లేనిది పుస్తకం.

ఇగ పిల్ల జాబితాలకు పోదాం. మొదట బడిలో దొరికిన పాత చందమామలు. 1947 నుంచి అరవై ఏండ్లకు పైగా వచ్చిన పత్రిక అది, ఇప్పుడు ఆగిపోయింది. మా తరం అక్షరాలు మరిచిపోకుండా ఉన్నదంటే దాని పుణ్యం కూడా ఉన్నది, కాదనం. ఆ పిల్ల రాసింది మాత్రం ఇది: "రాజు ఉన్నడు, మంత్రి ఉన్నడు, షావుకారి ఉన్నడు. వీళ్ల చెప్పులు ఎవలు కుట్టిండ్రు?" ముళ్లపూడి వెంకటరమణ 1950లలో రాసిన బుడుగు చదివి మస్తు నవ్విందట. నవ్వాలె, మంచి పుస్తకం. పిల్లలు మాట్లాడినట్టే పుస్తకం రాయొచ్చని చూపిన పుస్తకం. ఆ ఇంటి మాట వేరు, మన ఇంటి మాట వేరు, అంతే. మన వాడ బుడుగు మాట్లాడితే ఎట్లుంటదో ఇంకా ఎవలన్నా రాయవలసే ఉన్నది.

'రైలుబడి' గురించి అయిదు లైన్లు రాసింది. తెత్సుకో కురొయానగి జపాన్‌లో తన చిన్ననాటి బడి గురించి 1981లో అచ్చు వేసిన పుస్తకం. రైలు పెట్టెలే తరగతి గదులు, పిల్లలను కొట్టని పెద్దసారు, అందరూ కలిసి తినే బువ్వ. టీచర్లంతా ఈ బడి గురించే మాట్లాడుతరు. ఈ పిల్లకు పట్టింది వేరే. అందులో ఒక కొరియా పిల్లగాడు ఉంటడు. వాడు చిన్న పిల్లను చూసి "కొరియావోడా" అని తిడుతడు. తిట్టింది జపాన్ పిల్లను, తిట్టినోడే కొరియావోడు! పిల్ల ఇంటికొచ్చి చెబితే తల్లి కండ్లల్ల నీళ్లు తిరుగుతయి. అందరు వాన్ని అదే మాటతో తిడితే, అది తన జాతి పేరని తెలియక, ఉత్త తిట్టనుకున్నడు వాడు. ఇది చదువుతుంటే బీడీల కాడ చేతులు ఆగినయట. మన కులం పేరును తిట్టుగ మన పిల్లలే ఒకల నొకలు అనుకోవడం ఏ వాడలో లేదు చెప్పండి? ఆటలో గొడవ పడితే ఏ మాట వస్తది నోట్లకెల్లి? మేం ఎన్ని ఉపన్యాసాలిచ్చినా చెప్పలేనిది ఆ ఒక్క ముచ్చట చెప్పింది.

'ఏడు తరాలు' పెద్దలు చాలామంది చదివే ఉంటరు. అలెక్స్ హేలీ రాసిన దాన్ని సహవాసి తెలుగు చేస్తే 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తన మొదటి పుస్తకంగా వేసింది. మన పల్లెల్లో చేతులు మారి మారి అట్టలు ఊడిపోయిన పుస్తకం అది. కుంటా కింటే డోలు చేసుకోను కట్టె కోసం అడవికి పోయి బానిసల వ్యాపారులకు దొరికిపోతడు. డప్పు కొట్టే ఇండ్లల్ల ఈ సంగతి వేరే చెప్పాల్నా? పేరు మార్చి టోబీ అని పిలిస్తే మనసుల ఒప్పుకోలేదు. 'ఇది పెద్దగ అయినంక మళ్లొకసారి చదవాలె' అని రాసుకున్నది పిల్ల. కొన్ని పేజీలు ఆమె వయసుకు కష్టమైనవే. అయినా మేం ఆపమనలేదు.

అన్నిటికన్నా పైన రాసిన పేరు 'తొలి ఉపాధ్యాయుడు'. చింగీజ్ ఐత్మాతోవ్ రాసిన చిన్న నవల, రష్యా పుస్తకాలు ఊరూరికి బండిలో వచ్చిన కాలంలో మన దగ్గరికి చేరింది. ముచ్చట కిర్గిజ్ కొండలలో, 1924లో. దుయిషేన్ అనే యువకుడు, తనకే అంతంత మాత్రం చదువు, పాత గుర్రాల కొట్టాన్ని బాగుచేసి బడి పెడుతడు. మా పిల్లలు పెండ ఏరాలె, చదువెందుకని ఊరోళ్లు ఎగతాళి చేస్తరు. చలికి గడ్డకట్టే వాగును దాటేటందుకు పిల్లలను వీపు మీద మోస్తుంటే, గుర్రాల మీద పోయే ఉన్నోళ్లు పకపక నవ్వుతరు. ఆల్తినాయ్ అని తల్లిదండ్రులు లేని పిల్ల, పొయ్యిలకని ఏరిన పెండను బడిలో మంటకు పోసి ఇంటికి ఉత్త సంచితో పోతది. ఆ పిల్లను ఇంటామె ఒక ఉన్నోనికి రెండో పెండ్లానిగ అమ్ముతది. అడ్డం పోయిన సారు చెయ్యి విరగ్గొడుతరు. అయినా ఆయన పోలీసులను తీసుకపోయి విడిపించి, పట్నంల చదువుకు రైలెక్కిస్తడు. ఆల్తినాయ్ పెద్ద పండితురాలైతది. ఊళ్లె కొత్త బడి తెరిచే దినం ఆమెకు దండలు, సన్మానం. దుయిషేన్ ముసలోడై అదే ఊళ్లె ఉత్తరాలు పంచుతుంటడు. ఆయనకు దండలు లేవు.

ఇది మూడు దినాలు చదివిందట. ఇంటామెను ఆడోళ్లు తిట్టని తిట్టు లేదు. అప్పుడు ఒక తల్లి చాట పక్కకు పెట్టి అన్నదట: "ఆమెను తిట్టుడెందుకు? మన ఇంట్ల నడుస్తున్నది ఏంది?" ఆ వాడలో ఒకరింట్ల పదో తరగతి కాకముందే పెండ్లి మాటలు నడుస్తున్నయి అప్పుడు. ఆ మాట ఇప్పటికైతే ఆగింది. పుస్తకం వల్లనే ఆగిందని గొప్పలు చెప్పుకోం, పైసలు జమకాలేదన్నది కూడా నిజం. కానీ పద్దెనిమిది నిండనిదే పెండ్లి నేరమని మేం గోడల మీద రాసినప్పుడు ఆ ఇంటోళ్లు మాతో మాట్లాడలేదు. కథ విన్నంక మాట్లాడిండ్రు.

అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీము' ఉన్నది జాబితాలో, పదో తరగతి దాటినోళ్లకు అని రాసి. 1940లో భీము పడిపోయిన జోడేఘాట్ మనకు దూరమేం కాదు, ఈసారి పిల్లలను తీసుకపోవాలె. కేశవరెడ్డి రాసిన 'అతడు అడవిని జయించాడు' కూడా ఉన్నది. తప్పిపోయిన పంది కోసం అడవిల తిరిగిన ముసలాయన కథ. పందిని, పంది మేపే మనిషిని ఇంత మర్యాదతో చూసిన పుస్తకం ఏ వాచకంలో చూసినం? రాసినాయన రెడ్డి గదా సార్, అని ఒక తమ్ముడు అడిగిండు. ఎవలు రాసిండ్రని అడగాలె తమ్మీ, తప్పులేదు. ఆయన డిచ్‌పల్లి కుష్ఠు దవాఖానలో డాక్టరుగ పనిచేసిన మనిషి. చదివినంక ఏం రాసిండో కూడా అడుగు.

నవల కానిదాన్ని కూడా పిల్ల నవలల్లనే చేర్చింది, మాకు అభ్యంతరం లేదు. వై.బి. సత్యనారాయణ రాసిన 'మా నాయన బాలయ్య', ఇంగ్లీషులో 2011లో వచ్చి తరువాత తెలుగైంది. ఇది మన జిల్లా ముచ్చట, పాత కరీంనగర్ జిల్లా వంగపల్లిది. వాళ్ల తాతల కాలం పెద్దమనిషి నిజాంకు మెత్తటి తోలు చెప్పులు కుట్టిస్తే 50 ఎకరాలు ఇనాం దొరికింది. ఊరి దొర 2 ఎకరాలు వదిలి మిగతాది మింగిండు. పిల్ల నోటుబుక్కులో దీని కింద తీసివేత లెక్క ఉన్నది: 50లో 2 తీస్తే 48. తరువాత ఆ కుటుంబం ఊరు విడిచి రైల్వే కూలి పట్టుకొని, పిల్లలను కాలేజీలల్ల పాఠాలు చెప్పేదాక చదివించింది. అట్లనే బాబాసాహెబ్ తన చిన్ననాటి ప్రయాణం రాసుకున్నది. 1901లో అన్న, అక్క కొడుకులతో మసూరు స్టేషన్‌ల దిగితే, మహర్ పిల్లలని తెలిసి బండ్లోళ్లు ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి వీళ్లే తోలుకుంట, రాత్రంతా నీళ్లు దొరకక బువ్వ ముట్టలేదు. ఈ ముచ్చటను భీమాయన అనే పుస్తకంలో మధ్యప్రదేశ్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం బొమ్మలుగ గీసిండ్రు. అక్షరాలు రాని అవ్వ కూడా ఆ బొమ్మలు చదువుతది.

గోండుల మాట వచ్చింది కాబట్టి ఒకటి. 1940లలో ఆదిలాబాద్ మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు పిల్లల కోసం గోండి భాషలోనే వాచకాలు తయారు చేయించిండు. ఎనభై ఏండ్ల కిందనే ఆ పని అయింది. మన పిల్లలకు మన మాటల్లో పుస్తకం ఎందుకు కష్టమంటరో మాకు సమజ్ కాదు. అన్వేషి సంస్థ 2008లో దళిత, ముస్లిం పిల్లల బతుకుల కథలు పుస్తకాలుగ తెచ్చింది. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటివాళ్లు రాసిండ్రు. ఖదీర్‌బాబు 'తలకాయ కూర' చదివిన దినం వాడల పిల్లలందరికి ఆకలైందట. మన కవులు పాటలు రాసిండ్రు, దీర్ఘకవితలు రాసిండ్రు, జీవితచరిత్రలు రాసిండ్రు. పిల్లల నవలలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టాలె. డక్కలోళ్లు పటం పరిచి జాంబపురాణం చెప్పిన వాడలు మనవి, కథలకు కరువు లేదు. రాసే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇక్కడ ఉంటే వినండి, ఈ పిల్లలు అడుగుతున్నరు.

ఇప్పుడు రశీదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. గుడిసెకు పన్ను కట్టినోడు కూడా పుస్తకానికి పైసలిచ్చినోడే. ఆ పైసలు పంచాయతీ నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలె. 2016లో జిల్లాలు విడిపోయినంక ఎవల పైసలు ఎక్కడికి చేరుతున్నయో అడగాలె. గత అయిదేండ్లల్ల ఎంత వసూలు చేసిండ్రు, ఎంత కట్టిండ్రు, మన వాడకు ఏం వచ్చిందని సమాచార హక్కు కింద దరఖాస్తు రాసి తెచ్చినం. సంతకాలు పెట్టేటోళ్లు ఆ బల్ల కాడికి రండి, వేలిముద్రయినా సరే. ఊరి మీద గ్రంథాలయం ఉంటే సరిపోదు, అది చీకటిపడకముందే మూస్తరు, మన పిల్లలు కైకిలి నుంచి వచ్చే యాళ్లకు తలుపుకు తాళం ఉంటది. అందుకే అర ఇక్కడ, వాడల.

చందాలతోని వచ్చిన పుస్తకాలు ఈ అరల ఉన్నయి. తాళం పెట్టం. తీసుకపోయినోళ్లు గోడకున్న కాగితం మీద పేరు రాయాలె, చదివినంక ఆ పిల్ల లెక్కనే రెండు లైన్లు రాయాలె. నచ్చకుంటే నచ్చలేదని రాయాలె. టీచర్లు రాసిన పుస్తకం కూడా ఒకటున్నది, దాన్ని కూడా వదలకండి.

ఇగ మేం చాలిస్తం. వాగు దాటించే కాడికెల్లి ఆ పిల్ల చదువుతనన్నది. ముందు వరుసల బీడీలు చేసే అక్కలు కూసుంటరు, జర జాగా ఇయ్యండి. చాటలు తెచ్చుకున్నోళ్లు తెచ్చుకోండి, పని ఆపాల్సిన పనిలేదు. తమ్మీ, ఆ మైకు కొంచెం కిందికి దించు, బిడ్డకు అందుతలేదు.