పురుగునకు గట్టు తెలియదు



ఇట్టి సభలలో విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ముచ్చటించుకొనుట మనకు పరిపాటి. నేడు మనలో పెక్కిండ్లకు అన్నము పెట్టుచున్న సేద్యమును గూర్చి, అందును పైరును దిను పురుగును గూర్చి రెండు మాటలు విన్నవింపగోరుచున్నాము.

పురుగును గూర్చిన శాస్త్రజ్ఞానము మన దేశమున లేకపోలేదు. అది సకాలమున, రైతు మాటలలో, రైతు చెవికి చేరుటయే లేదు. ఆకుమీద మచ్చ కనబడగనే రైతు పోవునది మందుల యంగడికి. అచ్చటనే అప్పు, అచ్చటనే సలహా. అమ్మువాని సలహా అమ్మకమువైపే మొగ్గును. 1997-98లో వరంగల్లు జిల్లా ప్రత్తిచేలపై లద్దెపురుగు విరుచుకొనిపడినపుడు, మందుపై మందు చల్లియు పైరు దక్కక, అప్పుల పాలై పలువురు రైతులు ప్రాణములు దీసికొనిరి. ఆ యిండ్ల దుఃఖమును మనము మరువరాదు.

మందు చల్లినను పురుగేల పెరుగును? వరిని పీల్చు సుడిదోమను జూడుడు. సాలీళ్లును, మిరిడ్ నల్లులును దానిని దిని అదుపున నుంచును. విచక్షణ లేక మందు చల్లినచో ఈ మిత్రకీటకములు నశించును. వరి మొక్కలోపల దాగిన గ్రుడ్ల నుండి దోమ మరల పుట్టును. దానిని దినునవి మాత్రము మిగులవు. ఇండొనీషియా ప్రభుత్వము ఈ సత్యమును గ్రహించి 1986లో 57 మందులను వరిపై చల్లరాదని నిషేధించినది. 1989 నుండి అచట పొలమే పాఠశాల యయ్యెను. రైతులు వారమున కొకమారు చేలోనికి దిగి, పురుగులను లెక్కించి, వాని బొమ్మలు గీసి, ఏమి చేయవలయునో తామే నిర్ణయించుకొనుట నేర్చిరి.

మన సీమయందును దృష్టాంతము గలదు. నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామస్థులు వేపగింజల కషాయము, లింగాకర్షక బుట్టలు, ఎరపంటలు మున్నగువానితో ప్రత్తి పండించి, 2004 నాటికి రసాయనిక పురుగుమందులను విడనాడిరి. ఒకరిద్దరు కాదు, ఊరంతయు.

ఇపుడు వాతావరణమును మారుచున్నది. వేడి పెరిగినకొలది పురుగుల ఆకలి హెచ్చును. చాల తావులలో సంతతియు త్వరపడును. భూమి వేడి ఒక్కొక్క డిగ్రీ పెరిగినచో వరి, మొక్కజొన్న, గోధుమ పైరులకు పురుగుల వలన నిపుడు కలుగు నష్టము నూటికి 10 మొదలు 25 వంతుల వరకు హెచ్చునని 2018లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. వానలు కార్తె తప్పుచున్నవి. కావున పంచాంగము నొక్కదానిని జూచుట చాలదు, చేనిని జూడవలెను. ఎర్రగొంగళి రెక్కల పురుగులు తొలకరి వాన పడిన పిమ్మట నేలనుండి వెడలును. ఆ రాత్రులలో ఊరంతయు మంటలు వేసినచో అవి మంటలలో బడి చచ్చును. ఒక్కని చేనిలో వేసిన మంట ఊరిని గాపాడదు.

పురుగునకు గట్టు తెలియదు, కులమును తెలియదు. పొరుగువాని చేను బాగుండనిదే మన చేను బాగుండదు. మందు మోసి చల్లు కూలివాని యూపిరియు మన లెక్కలోనిదే. కావున వారమున కొకనాడు కులభేదము లేక రైతులును, కౌలుదారులును, కూలీలును చేనిగట్టున గూడవలెను. చదువుకొన్న మన యువకులు శాస్త్రజ్ఞుల మాటను తేటతెనుగున జెప్పవలెను. "నిరోధకశక్తి" యనిన రైతునకు తెలియకపోవచ్చును. "పురుగు మందునకు అలవాటుపడినది" యనిన నిమిషమున దెలియును. స్త్రీలను ముందుంచవలెను, ఆకు క్రింది గ్రుడ్లను మొదట జూచునది కలుపు దీయు స్త్రీయే. పోషక మహాశయులు గ్రామమున కొక భూతద్దమును, దీపపు టెరను, కొన్ని బుట్టలను ఇప్పించినచో, పెద్ద వ్యయము లేకయే పెద్ద మేలు చేసినవారగుదురు.

ఈ విన్నపమును సభవారు తీర్మానముగ గైకొని, ఎన్ని గ్రామములలో రైతులు చేలలో గూడిరో వచ్చు మహాసభయందు లెక్క చెప్పుకొనునట్లు చేయుదురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.