మన ఊరి మాజీ సైనికులకు మనం పడ్డ బాకీ

(మండల మహిళా సమాఖ్య మహాజన సభలో మాజీ సైనికుల సత్కారం సందర్భంగా కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పులు, రికవరీల లెక్కలు పొద్దున్నే చదువుకున్నాం. ఆడిట్ రిపోర్టు ఆమోదించుకున్నాం. అయితే ఏ పుస్తకంలోనూ రాయని బాకీ ఒకటి మన మీద ఉంది. ఇప్పుడు దాని సంగతి మాట్లాడుకుందాం.

మన పశ్చిమ గోదావరి ఆడవాళ్ళకి మిలిటరీ అంటే కొత్తేం కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని ఎవరూ ఉట్టి మాధవరం అనరు, మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచి ఆ ఊరి మగపిల్లలు సైన్యంలోకి వెళుతూనే ఉన్నారు. మన మండలంలో అంత పేరున్న ఊరు లేకపోయినా, సైన్యంలో చేసి వచ్చినవాళ్ళు ప్రతి పంచాయతీలోనూ ఉన్నారు. జవానుగా చేరినవాళ్ళు పదిహేను, పదిహేడేళ్ళు సర్వీసు చేసి, చాలామంది నలభై నిండకుండానే ఇంటికి వచ్చేస్తారు. ఒంట్లో బలం ఉంటుంది, పని చేసే అలవాటు ఉంటుంది. ఊరు వాడుకోవాలే గానీ అదంతా ఊరికి పెట్టుబడే.

మొదట్లో మనకీ వాళ్ళకీ అంతగా పడలేదు. దాచుకోకుండా చెప్పుకుందాం. ఒక ఊళ్ళో క్యాంటీన్ సీసాలు పక్కవాళ్ళకి అమ్ముతున్నారని తెలిసి మన సంఘాల వాళ్ళు ఇంటి ముందుకెళ్ళి అడిగారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచిన సంగతి విని పెరిగినవాళ్ళం మనం, ఊరుకుంటామా? మాటామాటా పెరిగింది. అప్పుడు ఈ వేదిక మీద కూర్చున్న సుబేదారు గారే తోటివాళ్ళందరినీ పిలిచి, "మనకిచ్చింది మనకి. అమ్ముకుంటే మన యూనిఫాం అమ్ముకున్నట్టే" అన్నారు. ఆ మాటతో అమ్మకం ఆగింది. వాళ్ళ మీద మనకి నమ్మకం కుదిరింది అక్కడే.

ఆ తరువాత వాళ్ళు చేసిన పనులు మీ కళ్ళతో చూసినవే. తెల్లవారుజామున నాలుగున్నరకి హైస్కూలు గ్రౌండులో పిల్లల్ని పరుగెత్తిస్తారు. సైన్యానికి, పోలీసు ఉద్యోగాలకి తయారు చేస్తారు. రూపాయి తీసుకోరు. "ఆడపిల్లలు ఆ వేళప్పుడు గ్రౌండుకి ఏమిటండీ?" అని మనలోనే కొందరు వెనకాడారు. దానికి హవల్దారు గారు, "మీలో ఇద్దరు రోజూ వచ్చి గట్టు మీద కూర్చోండమ్మా, మీ పిల్లలకి మీరే కాపలా" అన్నారు. వంతులు వేసుకుని కూర్చున్నాం. ఇప్పుడు మగపిల్లలతో సమానంగా ఆడపిల్లలూ పరుగెడుతున్నారు.

ఎర్రకాలువ పొంగినప్పుడు తాడు కట్టి, ముసలివాళ్ళని భుజాన వేసుకుని బడికి చేర్చిందీ వీళ్ళే. బాలింతలకి పాలు, చంటిపిల్లలకి పొడి బట్టలు ముందు చూడమని మనకి పని పురమాయించిందీ వీళ్ళే.

ఇవన్నీ మెచ్చుకోవలసినవే. కానీ మేము బాకీ అన్నది వేరే సంగతి.

మన సంఘాల్లో ఒక చెల్లెలు ఉంది. పేరు చెప్పం, తను ఈ సభలోనే ఉంది, చెప్పుకోవడానికి తనే ఒప్పుకుంది. భర్త సైన్యంలో చేసి వచ్చి, పింఛను తీసుకుంటూ జబ్బు చేసి పోయాడు. ఆయన పోయాక కుటుంబ పింఛను రాలేదు. సంఘం అప్పు వాయిదాలు ఆగిపోయాయి. అప్పుడు మనం ఏం చేశాం? మీటింగులో నిలబెట్టి అడిగాం. జరిమానా వేశాం. "మిలిటరీ పింఛను వస్తుంది కదా, కట్టడానికేం?" అన్నాం. తను తల వంచుకుని వెళ్ళిపోయింది. తరువాతి రెండు సమావేశాలకి రాలేదు. ఎందుకు రాలేదని ఒక్కరం కూడా ఇంటికి వెళ్ళి అడగలేదు.

అడిగింది హవల్దారు గారు. ఆయనా, భర్తా వేరు వేరు రెజిమెంట్లు, ముఖపరిచయం కూడా లేదు. అయినా సాటి సైనికుడి ఇల్లని వెళ్ళారు. కాగితాలన్నీ మంచం మీద పరిపించి చూశారు. సర్వీసు రికార్డులో ఈమెకి పుట్టింటివాళ్ళు పిలిచే పేరు ఉంది, ఆధార్‌లో పూర్తి పేరు ఉంది. పుట్టిన తేదీ కూడా కలవలేదు. చిక్కంతా అక్కడే. ఆయన ఆమెని వెంటబెట్టుకుని, తోడుగా తన భార్యని కూడా తీసుకుని, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఎన్నోసార్లు తిరిగారు. అఫిడవిట్లు రాయించారు, రికార్డు ఆఫీసుకి పంపించారు. బస్సు చార్జీలు కూడా తీసుకోలేదు. చివరికి పింఛను బకాయిలతో సహా వచ్చింది. వచ్చిన వారంలోనే ఆ చెల్లెలు సంఘం అప్పు అణా పైసలతో కట్టేసింది.

తను మనకి బాకీ తీర్చేసింది. తనకి మనం పడ్డ బాకీ మాత్రం ఉండిపోయింది. పంచ సూత్రాలు గోడ మీద రాసుకున్నాం గానీ, కట్టలేనివాళ్ళ గడప తొక్కాలన్నది మరిచిపోయాం. దాన్ని మాటల్లో చెప్పకుండా చేసి చూపించినవాళ్ళు వీళ్ళు. ఆ చెల్లెలికి ఈ సభ ముందు కార్యవర్గం క్షమాపణ చెబుతోంది.

ఈ రోజు శాలువాలు కప్పుతామంటే వీళ్ళు వద్దన్నారు. "ఆ డబ్బుతో ప్రతి సైనికుడి ఇంట్లో కాగితాలు సరిచూడండి" అన్నారు. అందుకని కార్యవర్గం మూడు తీర్మానాలు మీ ముందు పెడుతోంది.

ఒకటి. ప్రతి గ్రామ సంఘం తన ఊళ్ళోని సైనికుల, మాజీ సైనికుల కుటుంబాల జాబితా రాయాలి. భర్త ఉండగానే ఇల్లాలు చూసుకోవలసినవి ఇవి: డిశ్చార్జి పుస్తకంలో, పింఛను ఉత్తర్వులో తన పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలిశాయా? పిల్లల పేర్లు ఎక్కాయా? బ్యాంకు ఖాతా ఇద్దరి పేరున ఉందా? 2003 నుంచి నడుస్తున్న ఈసీహెచ్ఎస్ వైద్య పథకం కార్డు తీసుకున్నారా? ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారా? తేడా ఉంటే ఇప్పుడే దిద్దించుకోవాలి. ఆయన పోయాక దిద్దించడం ఎంత కష్టమో చూశాం.

రెండు. ఏ సభ్యురాలైనా రెండు వాయిదాలు తప్పితే, జరిమానా రాసేముందు ఇద్దరు లీడర్లు ఇంటికి వెళ్ళి కారణం తెలుసుకోవాలి.

మూడు. 2022లో వచ్చిన అగ్నిపథ్ కింద చేరిన పిల్లలు నాలుగేళ్ళు సర్వీసు చేస్తారు. వాళ్ళలో నాలుగో వంతు మందిని మించి కొనసాగించరు. మిగతావాళ్ళు సేవానిధి డబ్బు తీసుకుని ఇంటికి వస్తారు, పింఛను ఉండదు. ఆ డబ్బు ఖర్చైపోక ముందే వాళ్ళకి దారి చూపడానికి మన సమాఖ్య, ఈ పెద్దలు కలిసి కూర్చోవాలి.

1949 నుంచి డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుపుతున్నారు. ఈసారి ఆ రోజున చిన్న జెండా కొని ఊరుకోవద్దు. జాబితాలు పూర్తిచేసి తెచ్చి, ఈ పెద్దల చేతిలో పెడదాం.

చివరిగా, ఈ పెద్దల పక్కన కూర్చున్న అక్కలకి ఒక్క మాట. ఏడాదికోసారి సెలవుకి వచ్చే మనిషి కోసం ఎదురుచూస్తూ పిల్లల్ని, అత్తమామల్ని, పొలాన్ని ఒంటిచేత్తో నెట్టుకొచ్చారు. ఇప్పుడాయన ఊరి పని మీద తిరుగుతుంటే అన్నం మూత పెట్టి మళ్ళీ ఎదురుచూస్తున్నారు. ఈ సత్కారం సగం మీది. ముందు మీకు బొట్టు పెట్టి, ఆ తరువాతే వారిని పిలుస్తాం.

తీర్మానాలు మూడూ ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి.