బొంత లోపల ఏం పెట్టాలి? ఖర్చు ఎక్కడ తగ్గుతుంది, ఎక్కడ పెరుగుతుంది?

ఈ రోజు మాట్లాడుకునేది బ్యాటింగ్ గురించి. క్రికెట్ కాదండోయ్! బొంతకి పైన ఒక గుడ్డ, కింద ఒక గుడ్డ, ఆ రెండింటి మధ్యన పెట్టే మెత్తటి పొర ఉంటుంది కదా, అది. ఇంగ్లీషు వీడియోలు చూసి క్విల్ట్ మొదలుపెట్టేవాళ్లు ముందు దీని ధర చూసి ఆగిపోతారు. నిజానికి మన బొంతలో, మహారాష్ట్ర గోధడిలో, బెంగాల్ కాంతాలో ఈ పొరని విడిగా కొనే అలవాటే లేదు. పాత చీరలే పైన, పాత చీరలే లోపల.

ముందు ఒక మాట. మీ ఊళ్లో చలి ఎంత? లంబసింగిలోనో, ఆదిలాబాద్ వైపో ఉంటే మందంగా కావాలి, సరే. విజయవాడలో ఉండి, ఫ్యాన్ వేసుకుని కప్పుకునేవాళ్లకి అంత మందం ఎందుకు చెప్పండి? చాలామంది ఎక్కువ ఖర్చు పెట్టేది ఇక్కడే. విదేశీ మంచు కోసం చేసిన మందం కొని, సంవత్సరంలో పదకొండు నెలలు బీరువా మీద పెడతారు.

ఇప్పుడు చీర లెక్క. మామూలు కాటన్ చీర ఐదున్నర మీటర్ల పొడవు, దాదాపు 1.15 మీటర్ల వెడల్పు. దాన్ని నాలుగు సమానమైన ముక్కలు చేయండి. ఒక్కో ముక్క నాలుగున్నర అడుగులు వస్తుంది. రెండు ముక్కల్ని అంచుకి అంచు కలిపి కుడితే ఏడున్నర అడుగులు. అంటే ఒక్క చీరతో నాలుగున్నర బై ఏడున్నర అడుగుల పొరలు రెండు! ముక్క వృథా పోదు. ఒక మనిషి కప్పుకునే బొంతకి సరిగ్గా సరిపోయే సైజు ఇది. లోపలికి రెండు చీరలు, అంటే నాలుగు పొరలు పెడితే మన చలికి చాలు.

కాకపోతే ఏ చీర పడితే ఆ చీర పనికిరాదు. వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. మోకాళ్ల దగ్గర, కుచ్చిళ్ల దగ్గర పల్చబడిన భాగం తెలిసిపోతుంది. రెండు బొటనవేళ్లతో లాగితే చిరిగే చోటు ఉంటే దాన్ని తీసేయండి. జరీ అంచు కత్తిరించేయాలి, సూది దిగదు, తర్వాత గుచ్చుకుంటుంది. సింథటిక్ చీర లోపల జారుతూ ఉంటుంది, పైగా చెమట పీల్చదు. పాత దుప్పట్లు, పాత ఫ్లీస్ బ్లాంకెట్ భేషుగ్గా పనికొస్తాయి. ఫ్లీస్ అయితే ఒక్క పొర చాలు. టవళ్లు మాత్రం వద్దు. తడిస్తే ఆ బరువు పిండలేరు.

ఇంట్లో ఏమీ లేదు, కొనాల్సిందే అనుకుందాం. అప్పుడు షాపులో రోల్‌గా దొరికే పాలిస్టర్ షీట్. దీన్ని మీటరు లెక్కన అమ్ముతారు, మోసపోయేది అక్కడే. వెడల్పు వేరు, మందం వేరు. మందాన్ని జీఎస్ఎంలో చెబుతారు, అంటే ఒక చదరపు మీటరు ఎన్ని గ్రాములు అని. ఒక షాపులో మీటరు 90 రూపాయలు, ఒక మీటరు వెడల్పు, 100 జీఎస్ఎం అనుకుందాం. పక్క షాపులో మీటరు 150, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, 150 జీఎస్ఎం. చూడగానే మొదటిది చవక అనిపిస్తుంది. లెక్క వేస్తే మొదటి దాంట్లో 90 రూపాయలకి వచ్చేది 100 గ్రాములు, కిలో 900 పడుతుంది. రెండో దాంట్లో 150కి 225 గ్రాములు, కిలో 667. అదీ తేడా! షాపువాళ్లు చెప్పిన జీఎస్ఎం మీద నమ్మకం లేకపోతే, ముందు ఒక్క మీటరే కొని వంటింటి తూకంలో పెట్టి, వెడల్పుతో భాగించి చూసుకోండి. మనం చెప్పుకున్న సైజు బొంత సుమారు 3.15 చదరపు మీటర్లు. 100 జీఎస్ఎం అయితే 315 గ్రాములు పడుతుంది.

ఇక విడి దూది. పాత పరుపులో దూది ఉంది కదా, ఏకించి పెట్టేస్తే ఫ్రీ అంటారు చాలామంది. బూరుగు దూది అయితే అసలు వద్దు, పోగులు ఒకదానికొకటి పట్టుకోవు, గుడ్డలోంచి బయటికి వస్తూనే ఉంటాయి. దాన్ని దిండ్లకి వాడుకోండి. పత్తి దూది అయితే పెట్టొచ్చు. కానీ అది కదలకుండా ఉండాలంటే రెండంగుళాలకి ఒక వరస కుట్టాలి. లేదంటే రెండు ఉతుకులకే దూదంతా ఒక మూలకి చేరుతుంది.

ఆ వరసలు లెక్కపెడదాం. బొంత వెడల్పు 54 అంగుళాలు. రెండంగుళాలకి ఒకటి అంటే 27 వరసలు, ఒక్కోటి ఏడున్నర అడుగులు. మొత్తం 200 అడుగుల పైన చేతి కుట్టు! అదే చీర పొరలైతే నాలుగు అంగుళాల దూరం సరిపోతుంది, 100 అడుగులతో అయిపోతుంది. అతుకు గట్టిగా ఉన్న పాలిస్టర్ షీట్ అయితే ఇంకా దూరంగా వేయొచ్చు. ఫ్రీ దూది మీ చేతులతో రెండింతల పని చేయిస్తోంది. ఇంట్లో అమ్మో, అత్తయ్యో కుడుతుంటే ఆ ఖర్చు ఎవరికీ కనిపించదు, అంతే.

బయట కుట్టించుకునేవాళ్లకి కూడా ఇదే చెబుతున్నా. చాలాచోట్ల బొంతకి ఇంత అని సైజు చూసి కూలి మాట్లాడతారు. దూది బొంతకీ, చీర పొరల బొంతకీ ఒకటే రేటు అంటే కుట్టే ఆవిడకి సగం పని ఉచితం అన్నట్టే. వరసలు లెక్కపెట్టి డబ్బులివ్వండి. కుట్టి అమ్మేవాళ్లు కూడా రేటు చెప్పేముందు "లోపల ఏం పెడుతున్నారు?" అని అడగండి.

మిగిలిన షీటు ముక్కలు పారేయొద్దు. ఒకదాని మీద ఒకటి ఎక్కించకుండా, అంచులు పక్కపక్కన పెట్టి, ఇంటూ మార్కుల్లా వదులుగా కుట్టండి. ఎక్కిస్తే అక్కడ గట్టు కడుతుంది, పడుకుంటే తెలుస్తుంది. టైలర్ దగ్గర దొరికే చిన్న చిన్న పేలికలు బొంతలోకి వద్దు, గడ్డలు కడతాయి. కింద వేసుకుని కూర్చునే మెత్తలకి బాగుంటాయి.

ఆఖరిగా, కొత్త కాటన్ గుడ్డ ఏది వాడినా ముందు తడిపి ఆరేయండి. లోపలి పాత చీర ఇప్పటికే ముడుచుకుపోయి ఉంటుంది, పైన కొత్త గుడ్డ తర్వాత ముడుచుకుంటే బొంతంతా ముడతలు పడుతుంది. సరేనండీ, వచ్చే ఎపిసోడ్‌లో అంచు ఎలా మడిచి కుట్టాలో చూద్దాం. ఉంటాను.